ధర్మకాంటా మీద కార్బన్ సైకిలు

ఆ ఉదయం సలీమ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్ళడం, రైసుమిల్లు సుందర్ తీసుకున్న కార్బన్ సైకిలును పరీక్షించి బాగోగులు చెప్పడం, అన్నం వేళకు ఇంటికి తిరిగిరావడం. సుందర్ మెచ్చితే అతనితో పాటు పొద్దున్నే నడిచే మిత్రులందరూ సలీమ్ దుకాణంలోనే సైకిళ్ళు కొంటారు. మెచ్చకపోతే దుకాణానికి తాళం, సలీమ్‌కు ఖతర్ విమానం. వీసా సిద్ధం చేసి పెట్టిన బావమరిది సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నాడు.

షార్జాలో సైకిళ్ళ దుకాణంలో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మనిషి సలీమ్. కూతురు ముబష్షిరా అతన్ని అబ్బా అని పిలవడం ఫోనులోనే నేర్చుకుంది. ఎదురుగా కూర్చుంటే ఇప్పటికీ చుట్టాన్ని చూసినట్టే చూస్తుంది. మళ్ళీ పోవాలని అతనికి ఏ కోశానా లేదు. గుమ్మం దగ్గర భార్య ఇఫ్ఫత్ ఒక్కటే చెప్పి పంపింది, సేఠ్‌ల ముందు నోరు అదుపులో పెట్టుకొమ్మని. సలీమ్ బుద్ధిగా తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

మిల్లు ఆవరణలో సైకిలుకు బంతిపూల దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు.

"మంచిగ చూడు సలీమ్ భాయ్. భిక్నూర్ల మా బామ్మర్ది లక్ష్మణ్ తొక్కుతుండె. నా కోసమని అమ్మిండు. అసలు ఇంపోర్టెడ్ మాల్!" అన్నాడు సుందర్.

అతని తల్లి అనసూయమ్మ వచ్చి సైకిలును ఒంటిచేత్తో లేపి చూసి, పెదవి విరిచింది. "గిదేంది బిడ్డా, ఇంత అల్కగున్నది? మా అత్త ఇచ్చిన ఇత్తడి బిందె దీనికంటె బరువుంటది. లోపల సరుకే లేదు."

"ఇది ఇనుము కాదు అవ్వా. నల్లటి దారాలను బట్టలెక్క నేసి, బంకతోని పొరమీద పొర అతికిస్తరు. అల్కగ ఉంటేనే దీనికి ధర," అన్నాడు సలీమ్.

అల్కగ ఉన్నదానికి ఎక్కువ ధర పెట్టాడని తెలిసి, అనసూయమ్మ కొడుకు వైపు జాలిగా చూసింది.

సలీమ్ జేబులోంచి షార్జా నాటి దిర్హమ్ బిళ్ల తీసి ఫ్రేమ్ పొడవునా మెల్లగా తట్టాడు. టక్, టక్, టక్. గట్టి సరుకు. తర్వాత ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మీద తట్టాడు. టక్, టక్, దబ్. మళ్ళీ తట్టినా అక్కడ దబ్. పైన రంగు నిగనిగలాడుతోంది కానీ లోపల పొరలు విడిపోయాయి. పొద్దున తలూపిన సంగతి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. కానీ సుందర్ భారీ మనిషి. ఆ ఫోర్క్ విరిగితే ముందుగా నేలకు తగిలేది అతని ముఖమే.

"ఫ్రేమ్ బంగారం సేఠ్. ఫోర్క్ మాత్రం లోపల ఖరాబైంది. మార్చేదాక ఎక్కకు."

ఈ మాటల్లో ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు ఏరుకున్నారు. హమాలీ హనుమాండ్లు, వడ్లలో ఇనుప ముక్కలు ఏరే అయస్కాంతం తెచ్చి సైకిలుకు ఆనించాడు. అది అంటుకోలేదు.

"ఇనుమే కాదు సేఠ్, దొంగ మాల్!"

"ఇనుము కాదనే కద నేను చెప్తున్న!" అని సలీమ్ అరిచినా వినే నాథుడు లేడు. అప్పటికే సైకిలును దండతో సహా ధర్మకాంటా మీదికి నడిపించారు. లారీలు తూచే కాంటా అది. తెర మీద సున్నా పడింది.

"సున్నా!" సుందర్ ముఖం పాలిపోయింది.

"అది లారీల కాంటా సేఠ్. కోడిని నిలబెట్టినా సున్నానే చూపిస్తది."

"కోడి కూతన్న కూస్తది," అంది అనసూయమ్మ.

సుందర్ వెంటనే భిక్నూర్‌కు ఫోన్ కొట్టాడు. "నీ సైకిల్ కాంటా మీద సున్నా వచ్చింది లక్ష్మణ్. నువ్వు గూడ గంతే!" తన తమ్ముణ్ణి సున్నా అన్నందుకు సుందర్ భార్య వంటింటి తలుపు గడియ పెట్టుకుంది. దాంతో చాయ్ కూడా బందయింది. కాసేపటికి లక్ష్మణ్ కారులో దిగాడు. పంచాయితీకి పెద్దమనిషిగా రాజలింగును వెంట తెచ్చుకున్నాడు.

సలీమ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఫ్రేమ్ మంచిది, ఫోర్క్ చెడ్డది.

"సగం మంచిది, సగం చెడ్డది అంటె ఎట్ల? తీర్పంటె ఒక్కటుండాలె," అన్నాడు రాజలింగు. కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "సైకిల్ మంచిదంటె సుందర్ మాట పోతది. చెడ్డదంటె లక్ష్మణ్ ఇజ్జత్ పోతది. రెండిండ్లు నిలబడాలంటె పరీక్షే తప్పు గావాలె."

అందరికీ ప్రాణం లేచొచ్చింది.

"బిళ్లతోని కొట్టి చెప్పుడేంది? ఇదేమన్న పుచ్చకాయనా?" అంటూ లక్ష్మణ్ సైకిలు అందుకున్నాడు. సలీమ్ రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు. "నీ కాళ్లు మొక్కుత అన్నా, ఎక్కకు!" లక్ష్మణ్ అతన్ని పక్కకు నెట్టి, మీసం దువ్వి, ఎక్కి తొక్కాడు. గేటు ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఫట్‌మంది. బిళ్ల దబ్‌మన్నచోటే ఫోర్క్ రెండుగా విరిగింది. లక్ష్మణ్ ఎగిరి ఊక కుప్పలో పడి, చిన్న దెబ్బ కూడా లేకుండా మీసాల నిండా ఊకతో లేచాడు.

చెప్పుకోకూడదు కానీ సలీమ్‌కు సంతోషమే కలిగింది. ఇక ఖతర్ లేదు, ఇంటికి వెళ్ళి ఇఫ్ఫత్‌కు ఆ మాటే చెప్పాలనుకున్నాడు.

లక్ష్మణ్ నోట్లో ఊక ఉమ్మేసి వేలు చూపించాడు. "చూసిన్రా బావా! మంచిగున్న ఫోర్కును బిళ్లతోని కొట్టి కొట్టి ఇరగ్గొట్టిండు!"

"గిప్పుడు సంగతి సాఫైంది," అన్నాడు రాజలింగు. సుందర్ బామ్మర్దిని కావలించుకుని ఊక దులిపాడు. వంటింటి గడియ తెరుచుకుని కోడికూర వాసన వచ్చింది. సలీమ్‌ను కూర్చోమన్నవాళ్ళు లేరు. అనసూయమ్మ మాత్రం గేటు దాకా వచ్చి, "నీకెందుకు బిడ్డా గా బిళ్ల?" అంది.

అబద్ధం చెప్పి దొరికిపోయి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. నిజం అందరి కళ్ళ ముందూ విరిగి పడ్డా, దాన్ని విరగ్గొట్టిన నేరం తన మీదే పడింది. ఆ మంటతోనే బస్సు దిగేసరికి కబురు కామారెడ్డికి ముందే చేరింది. బాగుకు ఇచ్చిన సైకిళ్ళను తీసుకుపోవడానికి దుకాణం ముందు జనం నిలబడ్డారు. "మాది కొట్టలే గద అన్నా?" అని అడిగి మరీ తీసుకుపోయారు.

సాయంత్రం బావమరిదికి సలీమే ఫోన్ చేసి అవునన్నాడు. ఇఫ్ఫత్ అటక మీది పెట్టె దించి, దాని మీది దుమ్ముతో పాటు కళ్ళూ తుడుచుకుంది. అబ్బాతో మళ్ళీ ఫోనులో మాట్లాడుకోవచ్చని ముబష్షిరా సంబరపడింది.

వీసా కోసం వైద్య పరీక్షకు హైదరాబాద్ వెళితే, అక్కడి డాక్టరు సలీమ్ ఛాతీ మీద రెండు వేళ్ళతో తట్టి, విని, అంతా బాగుందని రాసిచ్చాడు. సలీమ్ చెవికి మాత్రం అది దబ్‌మన్నట్టే వినిపించింది గానీ, తీర్పులు చెప్పడం అతను ఎల్లారెడ్డిలోనే మానేశాడు.