విత్తన జొన్నల కృతజ్ఞతా పండుగ

పంట పండినప్పుడు దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం ఏమంత గొప్ప? కడుపు నిండినవాడు ఎవడైనా చెబుతాడు. చినుకు రాలని ఏడు, ఎండిన చేలగట్టున నిలబెట్టి చెప్పించుకున్నదే అసలైన కృతజ్ఞత. అంతటి భాగ్యం కర్నూలు జిల్లాలో ఒక పల్లెకు పట్టింది. పట్టించినవారు ఒక అమెరికా దొరగారు.

జర్మనీ యుద్ధం ముగిసిన రెండేళ్లకు ఆయన కోడుమూరు దగ్గరి మిషన్ బంగళాలో దిగారు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొర్ర మొలకలోనే మాడిపోయింది. ఊళ్లో క్రైస్తవులంతా కూలివాళ్లు, కాస్తో కూస్తో మెట్ట చేను ఉన్నవాళ్లు. వాళ్ల కుండల్లో గంజి పలచబడి, పలచబడి, నీళ్ల రంగుకు వచ్చింది. సరిగ్గా ఇదే తగిన సమయమని దొరగారికి తోచింది. నవంబరు ఆఖరి గురువారం తమ దేశంలో లాగే ఇక్కడా కృతజ్ఞతా పండుగ జరగాలన్నారు. ఇంటింటి నుంచీ గంపెడు ధాన్యం గుడికి రావాలన్నారు.

ఆ మాటను ఊరికి మోసినవాడు ఉపదేశి ఏసురాజు. గుడిలో వాక్యం చెప్పడం, దొరగారి ఇంగ్లీషును తెలుగు చేయడం అతని ఉద్యోగం. భార్య కృపమణీ పిల్లలూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. కనుక దొరగారి ఆలోచన అతనికి వెంటనే నచ్చింది. నచ్చక ఏం చేస్తాడు?

ఊళ్లో ధాన్యం ఎక్కడుంది? ఉన్నదల్లా విత్తన జొన్న. వాన పడితే చల్లుకుందామని బూడిద కలిపి దాచుకున్నది. పిల్లలు ఆకలికి ఏడ్చినా ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. సంఘ పెద్ద పెద్దన్న కుండ వంచుతూ ఏసురాజు మొహం వైపు చూడలేదు.

"తినేదానికి గూడా ముట్టలేదప్పా. దేవునికంటాండావు, ఇస్తాండా," అన్నాడు.

త్యాగం గురించి గంటసేపు మాట్లాడగల ఏసురాజు గంప ఎత్తుకుని గబగబా ఆ గడప దాటాడు. ఇంటికి వస్తే కృపమణి తమ జొన్నలు కూడా గంపలో పోసి సిద్ధంగా పెట్టింది. ఊరందరివీ తీసుకుని మనవి దాచుకుంటే బాగుండదంది.

పండుగ నాడు గంపలన్నీ గుడిలో వరుసగా నిలిచాయి. దొరగారు గింజలు పట్టి చూసి, వేళ్లకంటిన బూడిదను చేతిరుమాలుతో తుడుచుకున్నారు. తర్వాత పండుగ పుట్టిన కథ మొదలుపెట్టారు. ఏసురాజు వాక్యం వెంట వాక్యం తెలుగు చేశాడు.

మూడు వందల ఏళ్ల కిందట కొందరు ఇంగ్లీషువాళ్లు ఓడెక్కి అమెరికా చేరారట. అక్కడివాళ్లు పాతరేసుకున్న మొక్కజొన్నలు కనబడితే తవ్వుకున్నారట. దాన్ని దేవుడి దయ అన్నారు దొరగారు. మనబోటి పామరులం వేరే పేరు పెడతామేమో! ఆ చలికాలం జబ్బులతో, ఆకలితో సగం మంది పోయారు. మిగిలినవాళ్లకు అక్కడివాళ్లే విత్తడం నేర్పారు. మరుసటి ఏడు పంట పండితే అందరూ కలిసి విందు చేసుకున్నారు. ఆ తర్వాతెప్పుడో ఒక అధ్యక్షుడు దాన్ని దేశానికంతటికీ పండుగ చేశాడు. విత్తడం నేర్పినవాళ్ల భూములు చివరికి ఏమయ్యాయో దొరగారు చెప్పలేదు. పండుగ పూట అలాంటివి అడగడం మర్యాదేనా?

ఇక ఈ ధాన్యాన్ని బంగళా కొట్టుకు చేర్చమని చెప్పి దొరగారు ముగించారు.

కింద కూర్చున్న పెద్దన్న తన గంప వైపే చూస్తున్నాడు. ఏసురాజు గొంతు సవరించుకుని ఆ ఆఖరి వాక్యాన్ని ఇలా తెలుగు చేశాడు.

"ఆకలి కాలంలో దొరగారి పెద్దోళ్లను బతికించింది ఆ దేశపోళ్ల ఇత్తనాలు. ఆ మేలు మరిసిపోలేక దొరగారు ఈ పొద్దు ఈ ఇత్తనాలు మీకిస్తాండారు. ఎవురి గంప వాళ్లు ఎత్తుకోండి."

పెద్దన్న లేచి దొరగారికి రెండు చేతులూ జోడించాడు. కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఆడవాళ్లు వంగి ఆయన బూట్లకు దండం పెట్టారు. ఈ జనానికి కృతజ్ఞత తెలియదని వచ్చిన నాటి నుంచీ బాధపడుతున్న దొరగారికి కళ్లు చెమర్చాయి. గంపలు గుమ్మం దాటుతున్నాయని గమనించేసరికి జనం ఆయన పేరు కలిపి స్తోత్రం పాడుతున్నారు. ఏం చెప్పావని ఏసురాజును అడిగారు. మీ పండుగ ఎలా పుట్టిందో అదే చెప్పానన్నాడు ఏసురాజు. దొరగారి మొహం కందగడ్డలా అయింది. కానీ తనను పొగుడుతున్నవాళ్లను ఆపడం ఏ దేశపు దొరకు మాత్రం చేతనవుతుంది?

వారం తిరగకముందే తుఫాను వాన పడింది. ఆ వెంటనే ఏసురాజుకు ఆత్మకూరు అడవి పల్లెలకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అనువాదంలో లోపం ఉందట. కృపమణి పిల్లల్ని బండెక్కిస్తుంటే పెద్దన్న చేలోంచి మట్టి కాళ్లతోనే వచ్చాడు. బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"దొరకు శానా దండాలు పెట్టినామప్పా," అన్నాడు మెల్లగా. "అవి మా ఇత్తనాలేనని ఇత్తేటప్పుడు గ్యాపకమొచ్చినాది."