సూపర్‌వైజరు నమూనా

పొద్దున ఆరింటికి కుక్క మూత్రం పట్టాలి, ఎనిమిదింటికల్లా డాక్టరమ్మ చేతిలో పెట్టాలి. అంతే పని అనుకున్నాడు మీటరాయన.

ముప్పై ఏళ్లు ఇంటింటి నీటి మీటర్లు చూసి రాసుకుని రిటైరయ్యాడు. భార్య పోయి రెండేళ్లు. ఇంట్లో మిగిలింది ఆయనా, కుక్కా. దానికి సూపర్‌వైజరు అని పేరు పెట్టింది ఆవిడే, "ఇంట్లో కూడా మీ మీద ఒకరుండాలి" అని. మూడు రోజులుగా అది ఊరికే కాలెత్తుతోంది, నాలుగు చుక్కలు రాల్చి మూలుగుతోంది. నిన్న ఆ చుక్కల్లో ఎర్రజీర కనిపించింది.

"రేపు నమూనా పట్టుకుని, కుక్కను కూడా తీసుకురండి. ఈలోగా ఒక్క చుక్కా రాకుండా ముక్కుతుంటే మాత్రం ఆ క్షణమే తెచ్చేయండి. ప్రాణం మీదికొస్తుంది," అంది డాక్టరమ్మ ఫోన్లో. ఆయన తెల్లారకముందే లేచాడు.

మీద పడ్డా ఫరవాలేదని పాత ఖాకీ యూనిఫాం చొక్కా తొడిగాడు. కర్ర చివర గరిటె కట్టాడు. ఎక్కడ ఎన్ని చుక్కలో రాయడానికి నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. మొదటి గేటు దగ్గర సూపర్‌వైజరు కాలెత్తింది. ఆయన వంగి గరిటె చాపాడు. అది కాలు దించేసింది. ఆయన టైము రాసుకున్నాడు. రెండో గేటు దగ్గరా అదే తంతు.

మూడో ఇంటి టైలరమ్మ కిటికీలోంచి చూసింది. ప్రహరీ అడ్డం వల్ల కుక్క కనబడలేదు. ఖాకీ చొక్కా, వంగడం, రాసుకోవడం కనబడ్డాయి.

"ఏమండీ, లేవండి! మీటరాయన మళ్లీ డ్యూటీలోకి దిగాడు."

"రిటైరైనవాణ్ణి పిలిచారంటే కొంప మునిగే పనే. నీళ్లు కట్టేస్తారేమో! ముందు బకెట్లు పట్టు," అన్నాడు మొగుడు.

ఆ మాట గోడ దాటేసరికి మూడు రోజులు నీళ్లు రావన్నారు. వీధి చివరికెళ్లేసరికి వారమైంది. చెప్పులు తప్ప అన్నీ నింపుకున్నారు. ఏడున్నరకు వీధి ట్యాంకు ఖాళీ.

మీటరాయనకు ఇదేమీ తెలియదు. పద్నాలుగో గేటు దగ్గర గరిటెలో చెంచాడు పడింది. సీసాలో పోసుకుని, కుక్కను లాక్కుంటూ పరిగెత్తాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది, స్కాన్ తీసింది. "ఇన్ఫెక్షనే. రాయి కట్టలేదు. మందుకు తగ్గుతుంది. రోజుకెన్నిసార్లు బయటికి తిప్పుతారు?"

"ఒకసారేనమ్మా. ఆరింటికి."

"మిగతా పొద్దంతా?"

"తలుపేసుకుని ఉంటాం."

"మీరు గడప దాటరని దాన్నీ బిగబట్టుకోమంటారా? రోజుకు నాలుగుసార్లు తిప్పండి. పూటపూటకీ గిన్నెలో నీళ్లు మార్చండి. బాగా తాగాలి."

ఇంటికొచ్చి కుళాయి తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వెనకే వీధి వీధంతా వచ్చింది.

"నీళ్లు కట్టేసేముందు మాకో మాట చెప్పొద్దా, మీటరాయనా?" అంది టైలరమ్మ.

ఆయన గరిటె చూపించి, జరిగింది చెప్పాడు.

"కుక్క ఉచ్చ కోసమా నా చేత రెండు డ్రమ్ములు మోయించావు?" అన్నాడు టైలరమ్మ మొగుడు, పెళ్లాం వైపు తిరిగి.

"ఊళ్లో నీళ్లన్నీ మీ ఇళ్లలోనే ఉన్నాయి. మా వాడికి గుక్కెడు లేవమ్మా," అన్నాడు మీటరాయన. "వీడు తాగకపోతే మళ్లీ మొదటికొస్తుందట. వీడూ పోతే..."

టైలరమ్మ వెళ్లి బకెట్ తెచ్చింది. ఆమె వెనక ఇంకో పది వచ్చాయి. రెండేళ్లుగా ఎవరూ తొక్కని గడప తడిసిపోయింది. సూపర్‌వైజరు గిన్నెడు తాగి, బకెట్లన్నీ తనిఖీ చేసి, టైలరమ్మ బకెట్ దగ్గర కాలెత్తింది.

"గరిటె! గరిటె!" అని పదకొండుమందీ అరిచారు.

మర్నాడు నమూనాతో పనిలేదు. అయినా రోజుకు నాలుగు రౌండ్లలో మొదటిదానికి మీటరాయన ఖాకీ చొక్కానే తొడుక్కున్నాడు.