కల్యాణి ముక్కు, దంతెవాడ దారి

ఆ రోజు తాతబాబుకు వారపు సెలవు. బచేలి రైల్వే క్వార్టర్లో అతనికి అప్పగించిన పని ఒక్కటే: నాలుగు నెలల కూతురు కల్యాణిని మధ్యాహ్నం దాకా చూసుకోవడం. జనన ధ్రువపత్రంలో పాప పేరు రాయించడానికి భార్య స్వర్ణకుమారి పొద్దున్నే జీపులో దంతెవాడ బయలుదేరింది. పాపకు రెండు రోజులుగా ముక్కుదిబ్బడ. పాలు పట్టేముందు ఒక్కో ముక్కులో రెండేసి చుక్కలు ఉప్పునీటి మందు వెయ్యాలనీ, నిమిషం ఆగి రబ్బరు బుడ్డితో మెల్లగా చీమిడి లాగాలనీ, కర్పూరం, బామ్ లాంటివి గుమ్మం దాటి రానివ్వకూడదనీ మూడుసార్లు చెప్పింది. మూడోసారి మందు సీసా చేత్తో పట్టుకుని మరీ చూపించింది. చూపించిన చేత్తోనే దాన్ని తన సంచిలో వేసుకుని జీపెక్కేసింది.

తొమ్మిదింటికి పాప ఆకలికి లేచింది. పాలసీసా నోట పెడితే రెండు గుక్కలు తాగి, ఊపిరాడక వదిలేసి, ఇదంతా నీ పనే అన్నట్టు తండ్రి వంక చూసి ఏడుపు అందుకుంది. తాతబాబు ఇల్లంతా గాలించాడు. రబ్బరు బుడ్డి దొరికింది గాని మందు దొరకలేదు. భార్య ఫోన్ ఎత్తలేదు. పాపను భుజాన నిటారుగా వేసుకుని, ఆమెను తీసుకెళ్ళిన జీపు డ్రైవరు బుధ్రాకు చేశాడు. బుధ్రాకు తెలుగు రాదు. తాతబాబు హిందీ పట్టాల మీద పని చేస్తూ పట్టుబడిన హిందీ.

"బుధ్రా భాయ్, బేబీ కా నాక్ బంద్ హై. మేడమ్ కో జల్దీ బోలో."

పాప ముక్కు మూసుకుపోయింది, తొందరగా మేడమ్‌కు చెప్పమని దాని అర్థం. అందులో 'బేబీ' దంతెవాడ స్టాండులో ఏదో బస్సు హారన్ కింద పడి నలిగిపోయింది. బుధ్రా చెవికి చేరింది 'నాకా బంద్' మాత్రమే. అంటే దారిలో పోలీసు నాకా, అదే బండ్లు ఆపి చూసే తనిఖీ గేటు, మూసేశారన్నమాట.

బుధ్రా మంచివాడు. మంచివాడు కనకనే ఆ సంగతి తనలో దాచుకోలేదు. స్టాండులో ఉన్న డ్రైవర్లందరికీ చెప్పాడు. జీపులెక్కినవాళ్ళు దిగారు. ఆఫీసు నుంచి వచ్చిన స్వర్ణకుమారికి, ఈ కబురు మీ ఆయనే చెప్పాడని మరీ చెప్పాడు. ఆమె ఇంటికి ఫోన్ చేస్తే కలవలేదు. తాతబాబు అదే పనిగా బుధ్రాకు చేస్తున్నాడు. బుధ్రా ఊరందరికీ చేస్తున్నాడు.

పదకొండింటికి పక్క క్వార్టరు శ్యామ్‌ప్రసాద్ ఒక బామ్ డబ్బా, ఒక వార్త పట్టుకుని వచ్చాడు. డబ్బాను తాతబాబు గుమ్మంలోనే ఆపేశాడు. వార్తను ఆపలేకపోయాడు.

"నాకా మూసేసినారట. జీపులేవీ రావు. ఎవుడో రైల్వే వోడే ముందుగా కబురు సెప్పినాడట."

"ఎవుడో గానీ మంచి పని సేసినాడు. లేపోతే ఆడోళ్ళు దారిలో ఇరుక్కుపోదురు," అన్నాడు తాతబాబు. తన వంతుగా కిరండూల్లో ఉన్న బావమరిదికీ ఆ మంచి పని అందించాడు. దాంతో ఇటునుంచి వెళ్ళాల్సిన జీపులూ ఆగిపోయాయి.

తర్వాత చేసేది లేక పాలు గిన్నెలో పోసి చెంచాతో పట్టసాగాడు. చెంచా చెంచాకూ పాప ఆగి నోటితో ఊపిరి తీసుకుంటుంటే, అంతసేపూ తనూ ఊపిరి బిగబట్టాడు.

అక్కడ నాకా దగ్గర హవల్దారు రాజ్‌కుమార్ ఎత్తిపెట్టిన గేటు పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు గంటలుగా ఒక్క బండీ రాలేదు. అనుమానమొచ్చి స్టాండుకు ఫోన్ చేస్తే, నాకా మూసేశారు కదా సాబ్ అన్నారు. తన నాకా మూసిన సంగతి తనకే ఒకరు చెప్పడం ఇరవై ఏళ్ళ సర్వీసులో అదే మొదలు. బండి తీసి దంతెవాడ వెళ్ళి బుధ్రాను పట్టుకున్నాడు. బుధ్రా స్వర్ణకుమారిని చూపించాడు. ఆమెను ఎక్కించుకుని నేరుగా బచేలి వచ్చాడు. గేటు తెరిచే ఉందన్నా స్టాండులో ఎవరూ నమ్మలేదు; ఆ పూట ఆ దారిన నడిచిన బండి అదొక్కటే.

నాకా బంద్ అని మొదట చెప్పింది నువ్వేనా అని హవల్దారు హిందీలో గద్దించాడు. తనకు చెప్పింది శ్యామ్‌ప్రసాదని తాతబాబు ప్రమాణం చేశాడు. వెనకనుంచి స్వర్ణకుమారి ముందుకొచ్చింది.

"బుధ్రాతో ఏటన్నారో, ఆ మాటే మళ్ళీ అనండి."

"నాక్ బంద్ హై అన్నాను. పిల్ల ముక్కు మూసుకుపోతే ఇంకేటంటాను?" అంటూ పాపను చూపించాడు. పాప గుర్రుమంటూ సాక్ష్యం చెప్పింది.

హవల్దారు వంగి పాప ముక్కు వంక చూశాడు. భర్తను నాలుగు మాటలనే ముందు మొహం తుడుచుకుందామని స్వర్ణకుమారి సంచిలో చెయ్యి పెట్టింది. రుమాలుకు బదులు మందు సీసా వచ్చింది. ఆ నాలుగు మాటలూ అక్కడే ఆగిపోయాయి.

రెండేసి చుక్కలు వేసింది. ఆగాల్సిన నిమిషాన్ని హవల్దారు తన గడియారంలో చూసి మరీ చెప్పాడు. రబ్బరు బుడ్డి రెండుసార్లు లాగేసరికి దారి తెరుచుకుంది. పాప సీసాడు పాలూ గుటగుటా తాగి, తల్లి చేతుల్లోనే నిద్రపోయింది. అది చూసి తాతబాబు గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు.

హవల్దారు బయటికెళ్ళి, ఏం జరిగిందని అడుగుతున్న తన కానిస్టేబులుతో ఫోన్లో విసుగ్గా ఒక్క మాటన్నాడు: "నాక్ ఖుల్ గయీ", ముక్కు తెరుచుకుందని. దాన్ని నాకా తెరిచారని విన్న కానిస్టేబులు స్టాండుకు అదే చెప్పాడు; కాసేపటికి జీపులన్నీ కదిలాయి.

దారి మూడు గంటలు స్తంభించడానికి కారణమేమిటో డైరీలో రాయాలి గనక, హవల్దారు చాలాసేపు ఆలోచించి 'జలుబు' అని రాశాడు.