పన్నెండు వేలు అడగబోయిన మల్లిక

ఆ సోమవారం పొద్దున మల్లిక మూడు పనులు అనుకుంది. తలస్నానం చేయాలి, అమ్మ నేసిచ్చిన నీలం చీర కట్టాలి, జీతం పెంచమని అడగాలి. మొదటి రెండూ ఏడింటికల్లా అయిపోయాయి.

తిరుమలగిరిలో రాజేందర్‌ది మోటార్ల రివైండింగ్ దుకాణం. బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లను రైతులు అక్కడికి తెస్తారు. పాత తీగ ఊడదీసి కొత్త రాగి తీగ చుట్టేది మల్లిక. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. చిన్నప్పటి నుంచి కండెలకు నూలు చుట్టిన వేళ్లకు రాగి తీగ పెద్ద కష్టంగా తోచలేదు. ఆమె చుట్టిన మోటారు మళ్లీ దుకాణానికి రావడం అరుదు. జీతం మాత్రం నాలుగేళ్లుగా ఎనిమిది వేల దగ్గరే కూర్చుంది.

భర్త వీరేశం ఫోనులో ఎవరెవరి సలహాలో విని ఆమెకు పాఠం చెప్పాడు. "చేసిన పనంత కాగితం మీద రాస్కపో. సేటు కండ్లల్ల కండ్లు పెట్టి అడుగు. పన్నెండు వేలు అను. తక్వకు దిగకు."

"ఆయన కండ్లెప్పుడు ఫోన్లనే ఉంటయి గదా?"

"అయితే ఫోన్ చేసి అడుగు" అన్నాడు వీరేశం.

మల్లిక లెక్క రాసిన కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైలు చంకలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. ఎదురు సీట్లో బిక్షమ్మ ఉంది. ఆమె మోటారు రెండు రోజులుగా రాజేందర్ దుకాణంలోనే పడి ఉంది.

"ఏం బిడ్డా, కొత్త చీర గట్టినవ్, పెండ్లికి పోతున్నవా?"

"లేదు పెద్దమ్మా. ఇయ్యాల సేటుతోని జీతం సంగతి తేల్చుకుంట. పెంచితే ఉంట, లేకుంటే నా దారి నేను చూసుకుంట."

అదే సమయానికి ఆటో గుంతలో పడి లేచింది. బిక్షమ్మ చెవికి చివరి ముక్క ఒక్కటే చేరింది. ఆటో దిగీదిగగానే ఆమె భర్త పెద్దులుకు ఫోన్ చేసింది. "మల్లిక కొలువు ఇడిసిపెడుతాందట! ఫైలు గూడ పట్టుకున్నది. మన మోటరు ఇయ్యాలే చుట్టించుకోవాలె, జల్ది రా!"

పెద్దులు పక్క చేను ఎల్లేశానికి చెప్పాడు. ఎల్లేశం టీ హోటల్లో చెప్పాడు. ఆ మాట హోటల్ దాటి బయటికి వచ్చేసరికి మల్లిక బస్టాండు పక్కన సొంత దుకాణం పెట్టేస్తోంది.

యాసంగి వరి పొట్టకొచ్చిన రోజులవి. వారం రోజులు నీళ్లు ఆగితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. పదిన్నరకల్లా దుకాణం ముందు ట్రాలీలు బారులు తీరాయి. కాలిన మోటార్లు సగమైతే, ఎప్పుడైనా కాలుతాయేమోనని ముందుజాగ్రత్తగా తెచ్చినవి సగం. రాజేందర్ మొదట సంబరపడ్డాడు. కానీ వచ్చిన ప్రతి మనిషీ ఒకటే అడిగాడు. "సేటూ, మల్లిక ఉన్నదా, పోయిందా?"

"ఎక్కడికి పోతది?"

"నీకు తెల్వదా? బస్టాండు కాడ సొంతంగ దుకాణం పెడుతాంది గదా!"

రాజేందర్ లోపలికి తొంగిచూశాడు. కొత్త చీర. ఫైలు. మాట నిజమేననుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మల్లిక లేచి వచ్చింది. "అన్నా, ఒక్క మాట..."

"ఇప్పుడు గాదు చెల్లె, మస్తు గిరాకి ఉంది" అని ఆయన వీధిలోకి పారిపోయాడు. గంట తర్వాత మళ్లీ అడగబోతే పంటి నొప్పని దవడ పట్టుకున్నాడు. జీతం సంగతి ముందే పసిగట్టి తప్పించుకుంటున్నాడని మల్లికకు రోషం వచ్చింది. ఆ రోషంలో పని మరింత చకచకా సాగింది.

ఆమె లేకున్నా దుకాణం నడుస్తుందని పదిమందికీ చూపించాలనిపించింది రాజేందర్‌కు. ఎల్లేశం తెచ్చిన మోటారును తానే ముందేసుకుని విప్పాడు, తీగల కొసలు కలిపాడు, స్విచ్ వేశాడు. బుస్సుమని పొగ లేచింది.

"సేటూ! నేను కాలని మోటరు తెచ్చిన గదా!" అని ఎల్లేశం నెత్తి పట్టుకున్నాడు.

పొగలోంచి మల్లిక ఫైలుతో వచ్చింది. "అన్నా, ఇప్పుడైనా ఇను..."

"వద్దు! ఆ మాట అనకు చెల్లె. పది వేలిస్త."

మల్లిక కాగితం కోసం ఫైలు తెరిచింది.

"పన్నెండు!"

ఆమె కాగితం వెతుకుతూనే ఉంది.

"పదిహేను! ఇగ దానిమీద నాతోని గాదు."

"తొందరపడకు బిడ్డా, ఇంకో వెయ్యి అడుగు" అంది గుంపులోంచి బిక్షమ్మ.

"పదహారు" అంది మల్లిక. తన నోట అంత అంకె ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"సరే, పదహారు. ఇగ బస్టాండు కాడి జాగా వద్దని చెప్పెయ్."

"ఏ జాగా?"

బిక్షమ్మ ఆకాశంలోకి చూసింది.

"నువ్వు సొంత దుకాణం పెడుతలేవా?" అన్నాడు రాజేందర్.

"నేనెక్కడ పెడుతున్న? జీతం పెంచమని అడుగుదామని వచ్చిన. పన్నెండు రాస్కొచ్చిన" అని మల్లిక కాగితం చేతికిచ్చింది.

రాజేందర్ మొదటిసారి ఫోను పక్కన పెట్టి చదివాడు. నాలుగేండ్లు. చుట్టిన మోటార్లు పదకొండు వందల నలభై. తిరిగొచ్చినవి మూడు.

"ఈ మూడు ఎందుకొచ్చినయి?" అన్నాడు, ఎక్కడైనా పట్టు దొరుకుతుందేమోనని.

"రెండిటి మీద పిడుగు పడ్డది. ఒకదానికి నువ్వు కనెక్షన్ ఇచ్చినవ్."

నలభై మంది రైతులు ఒక్కసారిగా నవ్వారు. రాజేందర్ ఆ నవ్వు ఆగేదాకా ఆగి, కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదహారంటే పదహారే. ఇది చదివినంక తక్వనే ఇస్తున్న అనిపిస్తాంది" అన్నాడు. మల్లిక చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, ఎల్లేశం కాలిన మోటారు ముందు కూర్చుంది. చీకటి పడకముందే ఆ మోటారు మళ్లీ తిరిగింది.

మరునాటి నుంచి రాజేందర్ రోజూ పొద్దున్నే ఆమె పక్కన స్టూలు వేసుకుని తీగ చుట్టడం నేర్చుకుంటున్నాడు. స్విచ్ ముట్టుకోవడానికి మాత్రం ఆమె ఇంకా ఒప్పుకోలేదు.