దెబ్బ తగిలిందెవరికి?

అటక మీది పుస్తకాల జోలికి వెళ్లొద్దని, సాయంత్రం వచ్చాక తనే దింపుతానని కోడలు బడికి వెళ్తూ మామగారికి మరీ మరీ చెప్పింది. ముప్పయ్యేళ్లు వ్యాకరణం చెప్పి రిటైరైన మాస్టారు సరేనని తలూపారు. ఆమె వీధి మలుపు తిరగ్గానే వంటింట్లోంచి స్టూలు తెచ్చుకున్నారు.

ఆ ఇంట్లో ఆయనకు గిట్టనిది పిల్లి ఒక్కటే. అది కోడలితోపాటే కాపురానికి వచ్చింది. రెండేళ్లలో ఒక్కసారీ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. ‘చిన్నది’ అనేవారు, అదీ మూతి ముడుచుకుని. మూడో కట్ట అందుకుంటుండగా స్టూలు ఒరిగింది. మాస్టారు ఒకవైపు పడ్డారు, పుస్తకాలు మరోవైపు. ఆ మరోవైపున పిల్లి కునుకు తీస్తోంది.

లేచి చూసేసరికి అది మంచం కిందికి దూరి ముందు కాలు నాక్కుంటోంది. గచ్చు మీద రక్తం. తల్లి చనిపోయిన ఏడాదంతా కోడలికి తోడుగా ఉన్నది ఆ పిల్లేనని ఆయనకు తెలుసు. దాన్ని తువ్వాల్లో చుట్టి, గాయం మీద గుడ్డ అదిమిపెట్టి, బడికి ఫోన్ చేశారు. కోడలు క్లాసులో ఉందని ఆఫీసు గుమాస్తా అన్నాడు.

“పుస్తకాలు పడి చిన్నదానికి దెబ్బ తగిలిందని చెప్పండి. రక్తం వస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.”

తను పడ్డ సంగతి చెప్పలేదు. కంగారులో ఫోన్ మంచం మీదే వదిలేసి టాక్సీ ఎక్కారు.

ఆ చిన్నదెవరో గుమాస్తాకు తెలియదు. అడిగితే బాగుండదని, ‘ఇంటి నుంచి ఫోన్. దెబ్బ తగిలింది. రక్తం. ఆసుపత్రి’ అని చీటీ రాసి పంపాడు. ఎవరికన్నది అందులో లేదు. మామగారి సంగతి తెలిసిన కోడలు ఆ ఖాళీని తనే పూరించుకుంది. మామగారికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. భర్తకు చెప్పింది. అతను అక్కకు చెప్పేసరికి దెబ్బ తలకు తగిలింది. అక్క మేనమామకు చెప్పేసరికి స్పృహ తప్పింది. నలుగురూ నాలుగు వైపుల నుంచి పెద్దాసుపత్రికి బయల్దేరారు.

పశువుల డాక్టరు మాత్రం తాపీగా ఉన్నాడు. పిల్లి గోరు మొదలుకంటా చీలిందని, ఎముకలకేమీ కాలేదని చెప్పి, విరిగిన గోరు కత్తిరించి, మందు రాశాడు. కట్టు కట్టడానికి రెండు చేతులతో పట్టుకోమన్నాడు. మాస్టారు కుడి చెయ్యే వేశారు.

“రెండోది కూడా పెట్టండి.”

“రావట్లేదండీ,” అన్నారు మాస్టారు, అదేదో ఇంకొకరి చెయ్యి అయినట్టు.

డాక్టరు వాచిన ఆ మణికట్టును పరీక్షగా చూశాడు. “మీ పిల్లికి భయం లేదు. మీకే ఎక్స్‌రే తీయాలి. అది నేను చేయకూడదు,” అని మాస్టారి చెయ్యిని గుడ్డతో మెడకు వేలాడదీసి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

అక్కడ కౌంటరు దగ్గర కొడుకు రిజిస్టరు మూడోసారి వెతికిస్తున్నాడు. అలాంటి పేషెంటెవరూ రాలేదని కౌంటర్లో మనిషి మొత్తుకుంటున్నాడు. ఐసీయూలో చూడనివ్వమని మేనమామ పట్టుబట్టాడు. అప్పుడే మాస్టారు, పిల్లిని పడుకోబెట్టిన బుట్టను ఒక చేత్తో పట్టుకుని లోపలికొచ్చారు. కోడలిని చూడగానే తల దించుకున్నారు.

“నీ మాట వినకుండా స్టూలెక్కానమ్మా. నీ పిల్లికి దెబ్బ తగిలించాను.”

కోడలు బుట్ట అందుకుని బల్ల మీద పెట్టింది. దాని వైపు చూడకుండా ఆయన చెయ్యి మెల్లగా పట్టుకుంది.

“మీకెంత నొప్పిగా ఉంది మామయ్యగారూ?”

అడిగేదాకా ఆయనకు నొప్పి తెలియలేదు. అడిగాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

కౌంటర్లో మనిషి చీటీ అందుకుని, ‘పంపినవారు’ అన్న గడిలో పశువైద్యుడని రాసుకున్నాడు. మాస్టారి కట్టునూ బుట్టలోని కట్టునూ మార్చి మార్చి చూసి, పేషెంటు పేరు చెప్పమన్నాడు.