లెక్కల మేడమ్‌కు తీరిక దేనికి?

గణితం చేసేవాళ్ళకు తీరిక ఇవ్వడమంత పాపం ఇంకోటి లేదు! ఈ సంగతి కనిపెట్టి, వాళ్ళ నెత్తిన ఎడాపెడా డ్యూటీలు రుద్దుతున్న కాలేజీలవాళ్ళకు మనమంతా చేతులెత్తి దణ్ణం పెట్టాలి. నమ్మరా? మా వదిన సంగతి వినండి.

వదినది అంకగణిత జ్యామితి. కంగారు పడకండి. ఒక సమీకరణాన్ని వంపు గీతగా గీసి, దాని మీద పూర్ణాంకాలూ భిన్నాలూ ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో పట్టుకోవడమే ఆవిడ పని. పెళ్ళికి ముందే ఓ మొండి ప్రశ్నను లొంగదీసి పేరు తెచ్చుకుంది. ఆ పేరు చూసే కాలేజీవాళ్ళు పిలిచి మరీ ఉద్యోగమిచ్చారు.

ఇచ్చాక ఊరుకుంటారా? "లెక్కల్లో మీరు ఘనాపాఠీ కదా మేడమ్, టైమ్‌టేబుల్ మీరే వేసెయ్యండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. తరవాత పరీక్ష హాళ్ళలో బల్లల సర్దుబాటు. ఆ తరవాత కాలేజీ బస్సుల రూట్లు. ఒకసారి లిఫ్ట్ ఆగిపోతే కూడా ఆవిడకే కబురొచ్చింది! అన్నీ లెక్కలే కదా మరి?

ఇంత చేస్తున్నా ఆవిడ బుర్ర ఊరుకోదే! ఓ సాయంత్రం వంటింట్లోంచి నన్ను కేకేసి, "ఇన్నాళ్ళూ కొరుకుడు పడని ఆ లెక్కకు దారి దొరికిందోయ్! గట్టిగా కొన్నాళ్ళు కూర్చుంటే తేలిపోతుంది" అంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ఆవిడ చూడనే లేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారిని సెలవడిగింది. "ఈ సెమిస్టర్ గడవనివ్వండి మేడమ్. మీరు లేకపోతే కాలేజీ ఆగిపోతుంది" అన్నారాయన. ఎంత గౌరవం! అలా ఎన్ని సెమిస్టర్లు గడిచాయో లెక్కల మనిషికే లెక్క తెలియదు.

ఈలోగా ఎక్కడో ఇద్దరు కుర్రాళ్ళు అదే దారిన వెళ్ళి, ఆ ఫలితం కాస్తా ప్రచురించేశారు. వదిన దాన్ని చివరిదాకా చదివి, "చాలా అందంగా రాశారు" అంది. వెళ్ళి ఆరిన బట్టలు ముందేసుకుని కూర్చుంది. మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెడుతుంటే, పక్కనే ఉన్న అన్నయ్య మిగతా బట్టలు తనవైపు లాక్కున్నాడు.

అయినా ఎందుకండీ బాధ? వేలు కదపకుండా పనైపోయింది! ఎవరు చేస్తేనేం?

నొచ్చుకున్నది ప్రిన్సిపాల్ గారు. "బయటి పిల్లలు చేస్తుంటే మనవాళ్ళకేం రోగం?" అని మీటింగులో నిలదీశారు. కాలేజీలో పరిశోధన ఎందుకు అడుగంటిందో తేల్చడానికి కమిటీ వేశారు. కన్వీనర్ ఎవరనుకున్నారు? మా వదినే! రిపోర్టు శ్రద్ధగా రాయాలి గనక క్లాసులూ డ్యూటీలూ అన్నీ తప్పించారు.

అక్కడే కొంప మునిగింది! వదిన గది తలుపేసుకుంది. బోర్డు నిండా వంపు గీతలే. "రిపోర్టు ఎంతవరకొచ్చింది మేడమ్?" అని ఆయన ఫోన్ చేస్తే, "ఇంకాస్త లోతుకెళ్ళాలండీ" అంటోంది. నిన్న అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంది కూడా!

బాబ్బాబు, ఎవరైనా పుణ్యం కట్టుకుని ఆ కాలేజీలో అర్జెంటుగా ఏదో ఒకటి పాడుచేసి ఆవిడకు అప్పగించండి. లేకపోతే, ఈసారి నిజంగానే ఏదో నిరూపించేసేలా ఉంది!