పదిహేడు సంతకాలు, ఒక జత గ్లోవ్స్

ఇలా దగ్గరికి జరగండి. ఆ తలుపు కాస్త వారగా వేయండి, లేకపోతే నా మాట సగం గాలికే పోతుంది. ఇది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు దివాలా తీసిన కథ. దివాలా తీయడం నవ్వులాట కాదనుకోండి. నవ్వొచ్చేదంతా ఆ తర్వాత మనుషులు చేసుకున్నదే.

ఆ క్లబ్బులో ఆటగాళ్ళ జెర్సీలు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. జట్టు గోల్‌కీపరు ఆయనకు సొంత అల్లుడు. అందుకని మిగతా పదిహేడు మంది ఆటగాళ్ళూ ఆయన్ని 'మామయ్యా' అనే పిలిచేవారు. పిలవాల్సిన ఆ ఒక్కడే నలభై రోజులుగా పిలవడం మానేశాడు.

కారణం గ్లోవ్స్. గోల్‌కీపరు ఆరేళ్ళుగా ఒకే జత తొడుక్కుంటున్నాడు. అవి ఉతికితే అదృష్టం పోతుందని నమ్మకం. ఆ గ్లోవ్స్ గదిలోకి వస్తే ఈగలు కిటికీ వెతుక్కునేవి. ఒకరోజు మామయ్య చూసి చూసి, ఉండబట్టలేక, రెండు చెంచాల సబ్బుపొడి వేసి వాటిని ఉతికేశాడు. మల్లెపూవుల్లా వచ్చాయి. ఆ ఆదివారం అల్లుడి చేతుల్లోంచి అయిదు గోల్స్ జారిపోయాయి. ఆ రోజే అల్లుడు శపథం చేశాడు: "నా గ్లోవ్స్ మళ్ళీ ముందులాగా అయ్యేదాకా ఆయనతో మాటా లేదు, ఆయన పుస్తకంలో సంతకమూ లేదు."

సంతకం సంగతి కూడా చెప్పాలి. మామయ్య దగ్గర ఒక నియమం ఉంది. సంతకం లేనిదే సాక్సు కూడా చేతులు మారదు. ఉతికే గది కిటికీకి దారంతో ఒక అట్ట, దానికో పెన్ను కట్టి ఉండేవి. జెర్సీ పడేయడం, అట్ట మీద గీకడం, వెళ్ళిపోవడం. ఇరవై రెండేళ్ళలో ఆ అట్ట మీద ఏం రాసుందో చదివిన ఆటగాడు పుట్టలేదు.

సరే, క్లబ్బు మునిగింది. మునిగిన సంస్థల్ని చక్కబెట్టడానికి కోర్టువారు పెట్టే అధికారిని రిసీవరు అంటారట. వచ్చినావిడ కళ్ళజోడు వేసుకుని, గడియారం చూసుకుంటూ మాట్లాడే మనిషి. రిసీవరమ్మ ఆటగాళ్ళందరినీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"క్లబ్బు దివాలా తీసింది కదా అని మీ కాంట్రాక్టులు వాటంతటవే పోవు. కొనేవాళ్ళు లేక తలుపులు మూసేస్తే అప్పుడు పోతాయి, ఎవరి దారి వాళ్ళు చూసుకోవచ్చు. ఎవరైనా కొంటే మాత్రం క్లబ్బుతో పాటు మీరూ ఆయన దగ్గరికే వెళ్తారు, పాత షరతులతోనే."

"అంటే ఇల్లు అమ్మితే ఇంట్లో పిల్లి కూడా వెళ్ళినట్టా అమ్మా?" అన్నాడు కెప్టెన్.

"పిల్లిని ఎవరూ అడగరు. మిమ్మల్ని అడుగుతున్నాం. కొత్తాయన దగ్గరికి వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు ఈ కాగితం మీద శుక్రవారం పన్నెండు లోపు సంతకం పెట్టండి. పన్నెండు కొట్టేసరికి వాళ్ళకి కాంట్రాక్టు లేనట్టే. పెట్టనివాళ్ళు ఉన్నట్టు. పన్నెండు దాటాక దేవుడొచ్చి అడిగినా మార్చను," అని కాగితాన్ని నోటీసు బోర్డుకి గుచ్చి వెళ్ళింది.

కొనబోయేది పరుపుల ఫ్యాక్టరీ ఆసామి. ఒకటో తారీఖున జీతం ఇవ్వడం తప్పడని పేరు. అందుకే గురువారం సాయంత్రం వరకూ ఆ కాగితం తెల్లగానే ఉంది. సాయంత్రం మాత్రం గోల్‌కీపరుకి పక్క ఊరి క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు, ఉండటానికి ఇల్లు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా పాత కాంట్రాక్టు వదిలించుకుని రావాలి. అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ వయసులో గోల్‌కీపరుకి ఇలాంటి ఫోను రెండోసారి రాదు.

శుక్రవారం పొద్దున టీ దగ్గర ఇంట్లో సంభాషణ ఇలా నడిచింది.

"ఇవాళ కాగితం మర్చిపోవద్దని మీ ఆయనకి చెప్పమ్మా," అన్నాడు మామయ్య కూతురితో.

"నాకు గుర్తుంది, ప్రాక్టీసు కాగానే పెడతానని మీ నాన్నకి చెప్పు," అన్నాడు అల్లుడు, ఎదురుగా మూరెడు దూరంలో కూర్చుని.

"ఇద్దరూ వినే ఉంటారు, నన్నొదిలేయండి," అంది కూతురు.

అల్లుడు లేచి వెళ్ళాక మామయ్య భార్య గొంతు తగ్గించింది. "ఏవండీ, కోపం పోగొట్టుకోడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఆ కాగితమేదో మీరే తీసుకెళ్ళి చేతికివ్వండి. సంతకం పెట్టించి ఆవిడకి అందించండి. అంత పని చేసి పెట్టిన మామగారితో మాట్లాడకుండా ఎలా ఉంటాడో నేనూ చూస్తా!"

మామయ్యకి ఆ మాట తలకెక్కింది. పిల్లలు ఊరు వదిలి వెళ్తారని గుండెలో ముల్లు లేకపోలేదు. కానీ మాట్లాడని అల్లుడు ఇంట్లో ఉండటం కంటే, మాట్లాడే అల్లుడు పక్క ఊళ్ళో ఉండటం నయం కదా! పదకొండున్నరకి బోర్డు మీది కాగితం తీశాడు. నలగకుండా ఉండాలని తన అట్టకే పైన తగిలించాడు. జెర్సీల జాబితా కిందికి పోయింది. 'పది నిమిషాలే కదా, అల్లుడు రాగానే పెట్టించుకుని మళ్ళీ గుచ్చేస్తా' అనుకుని, కిటికీలోంచి అల్లుడి కోసం చూస్తూ మిషన్లో సబ్బుపొడి వేశాడు. వేశానా లేదా అని అనుమానమొచ్చి మళ్ళీ వేశాడు.

మిషను తిరగడం మొదలెట్టిన కాసేపటికే నురగ మూత ఎత్తింది. మామయ్య చేత్తో అదిమితే పక్కనుంచి వచ్చింది. పక్కన తువ్వాలు కుక్కితే కిందనుంచి వచ్చింది. మోకాళ్ళ దాకా నురగ. సరిగ్గా అప్పుడే ప్రాక్టీసు ముగించుకుని ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు కిటికీ దగ్గరికి వచ్చారు.

"మామయ్యా, మబ్బుల్లో తేలుతున్నావే!"

"నవ్వులాపి జెర్సీలు అక్కడ పడేసి పోండ్రా!" అని కేకేశాడు మామయ్య, వెనక్కి తిరక్కుండానే. వాళ్ళు పడేశారు. అలవాటు ప్రకారం గీకారు. పోయారు. పదిహేడు మంది.

చివర గోల్‌కీపరు వచ్చాడు. జెర్సీ పెట్టాడు. అట్ట చూసి మొహం తిప్పుకున్నాడు.

మామయ్య నురగలోంచి ఈదుకుంటూ వచ్చాడు. "అల్లుడూ! సంతకం! ఒక్క సంతకం పెట్టి పో బాబూ!"

అల్లుడు గోడకి చెప్పాడు: "ఆ అట్ట మీద నా సంతకం ఉండదని కొంతమందికి నలభై రోజుల కిందటే చెప్పాను."

"అది కాదు బాబూ, ఇది వేరే..."

అల్లుడు చెవుల్లో పాటలు వినే తీగలు దూర్చుకుని నడిచిపోయాడు. నేరుగా నోటీసు బోర్డు దగ్గరికే పోయాడు, సంతకం పెట్టడానికి. బోర్డు ఖాళీ. కెప్టెన్ని అడిగితే "రిసీవరమ్మ తీసుకెళ్ళిందేమో" అన్నాడు. ఆవిడ గదికి పరిగెత్తాడు. ఆవిడ గేటు దగ్గరుంది. గేటుకి పోతే బోర్డు దగ్గరికి బయల్దేరింది. దారం తెంపిన అట్టని కాగితంతో సహా చంకలో పెట్టుకుని మామయ్య అల్లుడి వెనక, కాగితం కోసం అల్లుడు రిసీవరమ్మ వెనక, ఆ మైదానం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు. ఒక్క మాట అనుకునుంటే ఒక్క నిమిషంలో తెమిలే పని.

పన్నెండుకి ఒక నిమిషం ఉందనగా రిసీవరమ్మ మామయ్యకి ఎదురుపడింది. "నా కాగితం మీ దగ్గరుందేమిటి?" అని అట్ట మీంచి లాగేసుకుంది. అప్పుడు చూశాడు మామయ్య. కాగితం నిండా సంతకాలు! పైనుంచి కిందికి పదిహేడు. లేనిది ఒక్కటే. నోరు తెరిచి చెప్పేలోపే గోడ గడియారం పన్నెండు కొట్టింది.

ఆ తర్వాతి గోల చెప్పాలంటే నాకున్న ఒక్క నోరూ చాలదు.

"సబ్బు వాసన వచ్చే అట్ట మీద కాంట్రాక్టు ఉంటుందని ఎవడనుకుంటాడమ్మా!" అని కెప్టెన్ మొత్తుకున్నాడు. నిన్ననే అతను ఇదే వీధిలోకి ఇల్లు మారి రెండు గదులకు రంగు వేయించాడు.

"మీ సంతకమేనా?"

"నాదే."

"పెట్టమని ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా?"

"లేదు."

"అయితే కాంట్రాక్టు లేదు." రిసీవరమ్మ పెన్ను మూత పెట్టింది.

"మరి నాకు?" అన్నాడు గోల్‌కీపరు రొప్పుతూ వచ్చి.

"మీకేం బాబూ, భద్రంగా ఉంది. ఈ క్లబ్బుకి ఇప్పుడున్న ఆటగాడు మీరొక్కరే."

వెళ్ళాలనుకున్నవాడు మిగిలాడు, ఉండాలనుకున్నవాళ్ళు పోయారు. అందరూ కలిసి మామయ్య కోసం వెతికారు. మామయ్య అప్పటికే బట్టలారే గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

అంతలో పరుపుల ఆసామి దండలతో సహా వచ్చాడు. భారీ మనిషి, అంతకంటే భారీ మనసు. రిసీవరమ్మ కాగితం చూపించగానే దిగాలుగా బెంచీ మీద కూలబడ్డాడు. "పదిహేడు మంది నన్ను వద్దన్నారా? అంత చెడ్డవాణ్ణా నేను?" కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. "ఈ ఒక్కడు మాత్రం వద్దనలేదే!"

గోల్‌కీపరు నిజం చెబుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు ఆసామి కౌగిట్లో మునిగిపోయింది. పైకి తేలేసరికి మెడలో దండ ఉంది.

"నమ్మినవాణ్ణి నేను మర్చిపోను నాయనా! పాత కాంట్రాక్టు చింపేయండి. ఇతనికి అయిదేళ్ళది రాయండి. కెప్టెన్ ఇతనే. వయసైపోతే వీళ్ళకి ఆట నేర్పే ఉద్యోగం. మిగతావాళ్ళు ఉంటామంటే ఉండమనండి, ఏడాదికి మాత్రమే. ఈ ఏడాదిలో నేను మంచివాణ్ణో కాదో చూసుకోమనండి!"

పక్క ఊరిది రెండేళ్ళు. ఇది అయిదు. గోల్‌కీపరుకి లెక్కలు రావు కానీ, అయిదు గోల్స్ తిన్నవాడికి అయిదంటే ఎంతో బాగా తెలుసు. తెరిచిన నోరు మూసుకున్నాడు. మిగతా పదిహేడు మందీ వరసలో నిలబడి ఏడాది కాంట్రాక్టు తీసుకున్నారు. ఒక్కొక్కరూ కాగితం రెండు వైపులా మూడేసిసార్లు చదివారు. రిసీవరమ్మ గడియారం చూసుకుంటూ నిట్టూర్చింది.

సందడి తగ్గాక బట్టలారే గది తలుపు మీద ఎవరో తట్టారు.

"నేను లేను," అన్నాడు మామయ్య లోపల్నుంచి.

"మామయ్యా, నేనే."

నలభై రోజుల తర్వాత విన్న పిలుపు! మామయ్య గడియ తీశాడు. గడ్డం మీద ఇంకా నురగ అంటుకునే ఉంది. అల్లుడు తల గోక్కున్నాడు.

"కూర్చుని ఆలోచించాను మామయ్యా. మీరు గ్లోవ్స్ ఉతక్కపోయుంటే మన మాటలు ఆగేవి కావు. మాటలుంటే నేను ఆ అట్ట మీద సంతకం పెట్టేవాణ్ణి. పెట్టుంటే పక్క ఊళ్ళో రెండేళ్ళు. అంతే కదా?"

"అంతేగా మరి," అన్నాడు మామయ్య, ఏమీ అర్థం కాకపోయినా.

అల్లుడు వెనకనుంచి గ్లోవ్స్ తీసి ముందు పెట్టాడు. నలభై రోజుల శ్రమతో అవి దాదాపు పాత వాసనకి వచ్చేశాయి.

"ఇక నుంచి వారం వారం ఉతకాలి. రెండు చెంచాల సబ్బుపొడే. తగ్గితే అదృష్టం నిలవదు."

మామయ్య వాటిని రెండు వేళ్ళతో అందుకుని, అట్ట ముందుకు జరిపాడు. "సంతకం పెట్టు అల్లుడూ."

ఈ కథ గుర్తుపెట్టుకోండి. రేపు మీ పిల్లలు దేనికైనా చూడకుండా తలూపితే, కూర్చోబెట్టి మొత్తం చెప్పండి, నురగ దగ్గర కాస్త ఎక్కువ చెప్పినా ఫరవాలేదు. నిజమేనని రాసిమ్మని ఎవరైనా కాగితం ముందు పెడితే మాత్రం, అటూ ఇటూ తిప్పి చూసుకోండి.